ఊళ్లో అంతరిక్ష క్లబ్: ప్రారంభోత్సవం లేకుండా మొదలుపెట్టడం ఎలా

ప్రారంభోత్సవం పెట్టకండి. ఫ్లెక్సీ, శాలువాలు, ముఖ్య అతిథి కోసం రెండు గంటల ఎదురుచూపు, ఆ తర్వాత ప్రసంగాలు. అలా మొదలైన క్లబ్‌కి పిల్లలు రెండోసారి రారు. అంతరిక్ష క్లబ్ ఆకాశం ఇచ్చిన టైమ్‌టేబుల్ మీద నడవాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సాయంత్రం 7:04కి మీ ఊరి మీదుగా వెళ్తుందంటే 7:04కే వెళ్తుంది, ఎమ్మెల్యే గారు వచ్చినా రాకపోయినా. మొదటి సమావేశం ఆ నిమిషానికే, ఏదో ఒక మేడ మీద పెట్టుకోండి.

మొదట్లో ఆరేడుగురు చాలు. ముగ్గురికి పనులు అప్పగించండి: గడియారం ఒకరికి, నోట్‌బుక్ ఒకరికి, భద్రత ఒకరికి. భద్రత చూసేవారు ‘వద్దు’ అంటే ఆ పని అక్కడితో ఆగిపోవాలి. ఆ మాట అన్నది ఇంటర్ చదివే అమ్మాయి అయినా, విన్నది హెడ్మాస్టారు అయినా సరే. ఈ ఒక్క నియమం మొదటిరోజే ఒప్పుకోకపోతే రాకెట్ల దగ్గరికి వెళ్లకండి.

మన దగ్గర జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు. కోస్తా జిల్లాల్లో అక్టోబరు, నవంబరు కూడా నమ్మలేం. ఆకాశం చూసే పనులు డిసెంబరు నుంచి మార్చి మధ్యలో పెట్టుకుంటే సగం రాత్రులు వృథా పోకుండా ఉంటాయి.

స్టేషన్‌ను చూడటం

దీనికి టెలిస్కోప్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. స్టేషన్ మనకు 400 కిలోమీటర్లకు కాస్త ఎత్తులో, గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. భూమిని ఒక చుట్టు చుట్టడానికి గంటన్నర చాలు. దానికి సొంత వెలుగు లేదు. మనకు చీకటి పడి, పైన దాని మీద ఇంకా ఎండ పడుతున్నప్పుడే కనిపిస్తుంది. అందుకే పొద్దుగూకాక మొదటి గంటన్నరలోనో, తెల్లవారుజామునో చూడాలి. అర్ధరాత్రి నెత్తిమీదుగా వెళ్లినా కనపడదు, అప్పుడది భూమి నీడలో ఉంటుంది.

1. హెవెన్స్ అబవ్ వెబ్‌సైట్ తెరిచి ముందు మీ ఊరిని మ్యాప్‌లో గుర్తించండి. ఈ పని మరిచిపోతే ఎక్కడో సముద్రం మధ్యలోని లెక్క చూపిస్తుంది. టైమ్ జోన్ కూడా చూసుకోండి. అది అంతర్జాతీయ సమయంలో ఉండిపోతే మీ జనమంతా ఐదున్నర గంటలు తేడాగా వస్తారు.

2. రాబోయే పది రోజుల పట్టికలో రెండు అంకెలు చూడండి. ఒకటి కాంతి పరిమాణం: అంకె ఎంత తక్కువైతే అంత ప్రకాశం, మైనస్ 3 అంటే శుక్రుడి కంటే కాస్త తక్కువ. రెండోది గరిష్ఠ ఎత్తు, డిగ్రీల్లో ఉంటుంది. మైనస్ 2.5 కంటే ప్రకాశంగా, 40 డిగ్రీల కంటే ఎత్తుగా ఉన్న సాయంత్రాన్ని ఎంచుకోండి. పది డిగ్రీల ఎత్తులో వెళ్లేదానికి జనాన్ని పిలిస్తే కొబ్బరి చెట్లు, సెల్ టవర్లు తప్ప ఏమీ చూపించలేరు.

3. దిక్కులు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఎన్‌డబ్ల్యూ వాయవ్యం, ఎస్‌ఈ ఆగ్నేయం. వాస్తు పుణ్యమా అని మూలలు తెలియని ఇల్లు మనకు ఉండదు కాబట్టి, జనానికి వాయవ్యం, ఆగ్నేయం అనే చెప్పండి, వెంటనే అటు తిరుగుతారు. ఫోన్ దిక్సూచిని నమ్మే ముందు ఫోన్‌ను గాల్లో ఎనిమిది అంకెలా నాలుగైదుసార్లు తిప్పండి. ఇనుప రెయిలింగ్ పక్కన నిలబడి చూస్తే తప్పు చూపిస్తుంది.

4. ఎత్తు కొలవడానికి చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగించండి. పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిగంతం నుంచి నాలుగు పిడికిళ్లు పేర్చితే 40. చిన్నపిల్లల పిడికిలి చిన్నది, చెయ్యీ పొట్టిదే, కాబట్టి లెక్క దాదాపు కుదిరిపోతుంది.

5. అదే రోజు మధ్యాహ్నం పట్టిక మళ్లీ తీయండి. స్టేషన్ అప్పుడప్పుడు ఇంజిన్లు మండించి కక్ష్యను పైకి జరుపుకుంటుంది. రెండు వారాల కిందట రాసుకున్న సమయం నిమిషమో, అంతకంటే ఎక్కువో తప్పుతుంది.

6. చెప్పిన సమయానికి పావుగంట ముందే అందరూ మేడ ఎక్కాలి. ఫోన్ల వెలుగు తగ్గించాలి. కదిలే తెల్లని చుక్క, మిణుకు లేకుండా, ఎరుపు పచ్చ దీపాలు లేకుండా వస్తే అదే. మిణుకుతుంటే విమానం. బాగా ఎత్తుగా వెళ్లినప్పుడు ఐదారు నిమిషాలు కనిపిస్తుంది. సాయంత్రం పూట చాలాసార్లు తూర్పు వైపు దిగంతం చేరకముందే, నడి ఆకాశంలోనే, ఎర్రబారి మాయమవుతుంది. భూమి నీడలోకి దూరిందన్నమాట. పట్టికలో ‘ముగింపు’ అని ఉండేది ఆ క్షణమే. దాన్ని ముందుగా చెప్పి, ‘మూడు, రెండు, ఒకటి’ అని లెక్కపెట్టించండి. చెప్పిన సెకనుకే అది ఆరిపోతే చూసినవాళ్లు మళ్లీ వస్తారు, ఇంకొకరిని వెంటబెట్టుకుని వస్తారు.

నోట్‌బుక్‌లో తేదీ, కనపడిన సెకను, మాయమైన సెకను, మబ్బు ఎంత, వచ్చినవారెందరు అని రాయండి. ఫోటో కావాలంటే ట్రైపాడ్ మీద కెమెరా, ఐఎస్ఓ 400 నుంచి 800, ఎఫ్ 2.8 లేదా 4, ఒక్కో ఫోటోకి 20 సెకన్లు. ఫోన్‌లో అయితే ప్రో మోడ్ పెట్టి ఫోన్‌ను గోడకు ఆనించండి. చేత్తో పట్టుకుని తీస్తే వచ్చేది గీత కాదు, ముగ్గు.

చైనా వారి తియాంగోంగ్ స్టేషన్ కూడా ఇదే పద్ధతిలో కనపడుతుంది. అంతర్జాతీయ కేంద్రాన్ని 2030 తర్వాత సముద్రంలోకి దించే ఆలోచన ఉంది కాబట్టి దీన్నీ అలవాటు చేసుకోండి.

నీళ్ల రాకెట్

క్లబ్‌కి అసలు ప్రాణం ఇదే. దీని మీద ఒక నెల పెట్టండి. పిచికారీ తుపాకీ లాంటి బొమ్మ అనుకుని వచ్చేవాళ్లు చాలామంది. రెండు లీటర్ల సీసాలో 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి అంటే బైక్ టైరులో ఉండేదానికి దాదాపు రెండింతలు. అది పైకి ఎగరగలదు, ముఖానికీ తగలగలదు.

సూరేకారం, పంచదార కలిపి మండించే రాకెట్ల వీడియోలు పిల్లలు చూపిస్తారు. వాటిని క్లబ్ గుమ్మం తొక్కనివ్వకండి. చేతులు పోతాయి. పైగా పేలుడు పదార్థాల చట్టం, 1884 కిందికి వస్తారు.

సీసా: గ్యాస్ కూల్‌డ్రింక్ 2 లీటర్ల సీసా మాత్రమే. అడుగున ఐదు బొడిపెలు ఉండేది. మంచినీళ్ల సీసా పలచన, ఒత్తిడికి చేసింది కాదు, పగులుతుంది. గీతలు పడ్డది, ఎండలో పడి ఉన్నది, నలిగి తెల్లగీత వచ్చినది పక్కన పడేయండి. ఒక రాకెట్‌కి మూడు సీసాలు కావాలి: గాలి పట్టేది ఒకటి, రెక్కల తొడుగుకి ఒకటి, ముక్కుకి ఒకటి.

రెక్కలు: గాలి పట్టే సీసాకి నేరుగా జిగురు పెట్టకండి. హాట్ గ్లూ వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది, సూపర్ గ్లూ పెళుసు చేస్తుంది, సీసా అక్కడే చీలుతుంది. రెండో సీసా నడుము భాగాన్ని 12 సెంటీమీటర్ల గొట్టంలా కత్తిరించి, నిలువుగా ఒక చీలిక పెట్టి, మొదటి సీసాకి తొడుగులా వేసి ప్యాకింగ్ టేపుతో బిగించండి. ఒత్తిడికి సీసా కొద్దిగా ఉబ్బుతుంది, చీలిక ఉంటే తొడుగు దాంతోపాటు సర్దుకుంటుంది. 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డుతో మూడు రెక్కలు కోయండి: సీసాకి ఆనే అంచు 12 సెంటీమీటర్లు, బయటికి 8 సెంటీమీటర్లు, వెనక్కి వాలి ఉండాలి. కాగితపు పట్టీని సీసా చుట్టూ చుట్టి, మూడు సమభాగాలుగా మడిచి గుర్తులు పెట్టండి. కంటి అంచనాతో పెడితే రాకెట్ బొంగరంలా తిరుగుతూ పక్కకు పోతుంది.

ముక్కు: మూడో సీసా మెడ భాగాన్ని కత్తిరించి, కొసన సగం కోసిన టెన్నిస్ బంతి అమర్చండి. లోపల 50 గ్రాముల మోడలింగ్ క్లే. గోధుమపిండి ముద్ద పెడితే చీమలు పడతాయి, ఎండి రాలుతుంది. రాళ్లు, మేకులు, ఎం-సీల్ ముద్ద అసలు వద్దు. అది తిరిగి కిందికి వచ్చేదే. నీళ్లు లేకుండా మొత్తం బరువు 150 నుంచి 200 గ్రాముల మధ్య ఉండాలి.

నిలకడ పరీక్ష: రాకెట్ పక్క ఆకారాన్ని అట్టమీద గీసి కత్తిరించి, స్కేలు అంచున నిలబెట్టండి. అట్ట సమతూకంగా నిలిచిన చోటు గాలి ఒత్తిడి కేంద్రానికి దగ్గరగా ఉంటుంది. తర్వాత అసలు రాకెట్‌ను, నీళ్లు లేకుండా, వేలిమీద నిలబెట్టి బరువు కేంద్రం చూడండి. బరువు కేంద్రం గాలి ఒత్తిడి కేంద్రం కంటే ముక్కు వైపు కనీసం ఒక సీసా వెడల్పు, అంటే సుమారు 11 సెంటీమీటర్లు, ముందుకు ఉండాలి. లేకపోతే క్లే పెంచండి, రెక్కలు పెద్దవి చేయండి. చివరగా బరువు కేంద్రం దగ్గర రెండు మీటర్ల తాడు కట్టి తలచుట్టూ తిప్పండి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే అది ఎగరడానికి సిద్ధం. తోక ముందుకు వస్తే పైకి వెళ్లాక పల్టీలు కొట్టడం ఖాయం.

లాంచర్: ఎక్కువ తప్పులు పైపు కొనేటప్పుడే జరుగుతాయి. అర అంగుళం అంటే దుకాణంలో మూడు రకాలు ఇస్తారు. మీగడ రంగు సీపీవీసీ పైపు వెలుపలి వ్యాసం సుమారు 16 మిల్లీమీటర్లు, సీసా మెడలో గలగలలాడుతుంది. 20 మిల్లీమీటర్ల వ్యవసాయపు పైపూ వదులే. కావలసింది తెల్లని యూపీవీసీ, షెడ్యూల్ 80, అర అంగుళం. దాని వెలుపలి వ్యాసం 21.3 మిల్లీమీటర్లు, సీసా మెడ లోపల దాదాపు సందు లేకుండా దూరుతుంది. ఖాళీ సీసా చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్లండి. పాత పైపు, ఎండలో ఎండిన పైపు వాడకండి. ప్లాస్టిక్ పైపు గాలి ఒత్తిడికి పగిలితే గాజు ముక్కల్లా ఎగురుతుంది. అందుకే పైపును లాంచర్ మేరకే, అర మీటరు లోపు వాడి, మిగతా దూరానికి కంప్రెసర్ల దుకాణంలో దొరికే పీయూ హోస్ (వంగే గాలి గొట్టం) 5 మీటర్లు వాడాలి.

కొనాల్సినవి: పై పైపు అర మీటరు, ఎల్బో ఒకటి, హోస్‌కి సరిపడే మరలున్న కనెక్టర్లు, ఓ-రింగులు (రబ్బరు ఉంగరాలు) నాలుగైదు సైజులు, 20 సెంటీమీటర్ల కేబుల్ టైలు 12, హోస్ క్లిప్ ఒకటి, ఒకటిన్నర అంగుళం పైపు ముక్క 8 సెంటీమీటర్లు (ఇది కాలర్), చిన్న బాల్ వాల్వ్ ఒకటి, మూడు మూతుల టీ ముక్క ఒకటి, నట్టుతో బిగించే బైక్ ట్యూబ్‌లెస్ వాల్వ్ ఒకటి, గేజ్ ఉన్న ఫుట్ పంపు, సాల్వెంట్ సిమెంట్.

1. నిలువు పైపు సీసా లోపలికి 25 సెంటీమీటర్లు వెళ్లేలా ఉంచండి. పైపు కొస నీటి మట్టానికి పైన ఉండాలి, లేకపోతే నీళ్లన్నీ హోస్‌లోకి దిగిపోతాయి. పైపు కొసను గరుకు కాగితంతో నున్నగా రుద్దండి.

2. సీసా మెడ మధ్యభాగం వచ్చే చోట పైపు చుట్టూ ఆకురాయితో గాడి తీసి ఓ-రింగ్ కూర్చోబెట్టండి. గాడి లోతు 1.5 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే పైపు బలం పోతుంది. సీసా తిప్పుతూ నెట్టితేనే దూరేంత బిగువుగా ఉండాలి. ఓ-రింగ్‌కి కొంచెం సబ్బునీళ్లు రాయండి. వంటనూనె రాస్తే రబ్బరు ఉబ్బుతుంది.

3. పన్నెండు కేబుల్ టైలను పైపు చుట్టూ నిలువుగా, తలలు పైకి, లోపలికి చూసేలా పేర్చి, కింద హోస్ క్లిప్‌తో బిగించండి. తలలు సీసా మెడకున్న ఉంగరం లాంటి అంచుకు సరిగ్గా పైన కూర్చోవాలి.

4. కాలర్‌ను కింది నుంచి పైకి జరిపితే టైల తలలు లోపలికి నొక్కుకుని సీసాను పట్టేస్తాయి. కిందికి లాగితే వదిలేస్తాయి. కాలర్ వదులుగా ఉంటే టైల మీద టేపు చుట్లు వేసి మందం పెంచండి. తాడు కాలర్‌కి రెండు వైపులా కట్టి కింద ఒక్కటిగా కలపాలి. ఒకవైపే కడితే కాలర్ ఏటవాలుగా ఇరుక్కుని కదలదు. తాడు కింద, లాంచర్ బిగించిన బల్లకున్న కొక్కెం గుండా పోవాలి, అప్పుడే మీరు దూరం నుంచి లాగినా కాలర్ నిట్టనిలువుగా దిగుతుంది.

5. హోస్ రెండో కొసన టీ పెట్టి, ఒక మూతికి టైర్ వాల్వ్, రెండో మూతికి బాల్ వాల్వ్ బిగించండి. ఈ బాల్ వాల్వ్ ఎందుకని చాలామంది వదిలేస్తారు. రాకెట్ వదలకుండా మొరాయించినప్పుడు దగ్గరికి వెళ్లకుండా గాలి తీసేసే దారి అదొక్కటే.

6. జిగురు పెట్టాక 24 గంటలు ఆగండి. తర్వాత సీసాను, లాంచర్‌ను అంచుదాకా నీళ్లతో నింపి 90 పీఎస్ఐ ఎక్కించి రెండు నిమిషాలు ఉంచండి. నీళ్లు నొక్కుకోవు కాబట్టి ఏది పగిలినా చిమ్మడంతో సరిపోతుంది. ఈ పరీక్ష నెగ్గని లాంచర్‌ను గాలితో వాడకూడదు. ఫుట్ పంపుల గేజ్‌లు తేడాగా చూపిస్తాయి, ఒకసారి పంక్చర్ షాపు గేజ్‌తో పోల్చుకోండి.

ప్రయోగం రోజు ఉదయం ఏడింటికి మొదలుపెడితే గాలి తక్కువ, ఎండ తక్కువ. మైదానం ఏ వైపు చూసినా వంద మీటర్లు ఉండాలి. కరెంటు తీగలు, రోడ్డు, విమానాశ్రయం దగ్గర వద్దు. బడి ఆవరణ అయితే హెడ్మాస్టారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. లాంచర్ బల్ల కదలకుండా దాని మీద ఇటుకలు పెట్టండి. పంపు దగ్గర ఒక్కరే, కళ్లజోడు పెట్టుకుని. చూసేవాళ్లు 15 మీటర్ల అవతల, ముగ్గుతో గీసిన గీత వెనక.

600 మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి పోయండి. లాంచర్‌ను ఏటవాలుగా వంచి, సీసా మూతిని పైకి ఉంచుతూ పైపును లోపలికి దూర్చి, తర్వాత రెండింటినీ కలిపి నిలబెట్టండి. కాలర్ పైకి జరిపి, సీసాను చిన్నగా పైకి లాగి చూడండి, ఊడకూడదు. అందరూ వెనక్కి వెళ్లాకే పంపు. మొదటి రాకెట్‌కి 40 పీఎస్ఐ చాలు, తర్వాత 60. ఎంత హుషారు వచ్చినా 80 దాటకండి. భద్రత చూసేవారు ఆకాశం చూసి, మైదానం చూసి ‘సిద్ధం’ అన్నాకే లెక్క మొదలవ్వాలి.

నీళ్లు మూడోవంతు దగ్గరే ఎందుకు? నీళ్లు మరీ తక్కువైతే వెనక్కి చిమ్మడానికి బరువుండదు, గాలి ఊరికే బుస్సుమంటుంది. మరీ ఎక్కువైతే గాలికి చోటు తగ్గి, ఒత్తిడి తొందరగా పడిపోతుంది, మిగిలిన నీళ్లు మోసే బరువే. దీన్ని మాటల్లో చెప్పి వదిలేయకండి. ఒత్తిడి మార్చకుండా 200, 400, 600, 800, 1000 మిల్లీలీటర్లు పోసి, ఒక్కోదానికి మూడుసార్లు వదిలి, ఎత్తు కొలిపించండి. గ్రాఫ్ గీస్తే మధ్యలో గూని వస్తుంది. పిల్లలే చెప్తారు.

ఎత్తు కొలవడం ఇలా: కోణమాని మధ్య రంధ్రానికి దారం, దానికి నట్టు కట్టండి. అంచుకు స్ట్రా అతికించి అందులోంచి చూడండి, దారం 90 నుంచి ఎన్ని డిగ్రీలు జరిగిందో అదే కోణం. లాంచర్‌కి సరిగ్గా 40 మీటర్ల దూరంలో, గాలి వీచే దిక్కుకి అడ్డంగా నిలబడండి. 45 డిగ్రీలకు 40ని 1తో, 50కి 1.19తో, 55కి 1.43తో, 60కి 1.73తో గుణించి, కంటి ఎత్తు 1.5 మీటర్లు కలపండి. 50 డిగ్రీలు వస్తే సుమారు 49 మీటర్లు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొలిస్తే రాకెట్ ఒకవైపు వాలినా సగటు దగ్గరగా వస్తుంది.

చెడిపోయే తీరులు కొన్ని. బుడగలు కారుతూ ఒత్తిడి ఎక్కకపోతే ఓ-రింగ్ చిన్నది, లేదా మెడలో ఇసుక రేణువు పడింది. తాడు లాగినా వదలకపోతే టైల తలలు మరీ లోతుగా పట్టుకున్నాయి. గాలి తీసేసి, కాలర్ లోపల కొవ్వొత్తి మైనం రుద్దండి. ఒక మీటరు ఎత్తులోనే అడ్డం తిరిగితే ముక్కు బరువు చాల్లేదు. గాలికి ఎదురుగా వంగి దూసుకెళ్తే రెక్కలు అవసరానికి మించి పెద్దవి, లేదా గాలి ఎక్కువ, ఆ రోజుకి ఆపేయండి. ఒక సీసాను ఇరవై ప్రయోగాలకు మించి వాడకండి. ఎన్నిసార్లు ఎగిరిందో దాని మీదే మార్కర్‌తో గీతలు పెడుతూ పోతే వాదన ఉండదు.

చంద్రుణ్ణి చూపించే రాత్రి

పౌర్ణమి నాడు పెట్టకండి. అందరూ చేసే పొరపాటు ఇదే. నిండు చంద్రుడి మీద ఎండ నిట్టనిలువుగా పడుతుంది, నీడలుండవు, గుంటలు కనపడవు, కళ్లు జిగేల్‌మంటాయి. క్యాలెండర్‌లో శుక్లపక్షం షష్ఠి నుంచి దశమి లోపల ఒక రోజు చూసుకోండి. అష్టమికి అటూఇటూగా వెలుగు చీకట్ల సరిహద్దు వెంబడి గుంటల అంచులు నీడలతో లేచి కనపడతాయి.

ఆరు అంగుళాల డాబ్సోనియన్ (తిరిగే పీట మీద నిలిచే రకం) టెలిస్కోప్ క్లబ్‌కి సరిపోతుంది. అది కొనేదాకా 10×50 బైనాక్యులర్ చాలు. దుకాణాల్లో ‘675 రెట్లు’ అని డబ్బా మీద రాసి అమ్మే బొమ్మలు కొనకండి. ఊగే స్టాండు మీద ఏదీ నిలబడదు. వచ్చినవారు అరవై మంది, మనిషికి నిమిషం అంటే గంట పడుతుంది. భూమి తిరగడం వల్ల చంద్రుడు కటకంలోంచి జారిపోతుంటాడు, ప్రతి ముగ్గురికి ఒకసారి సరిచేయాలి. కటకం పక్కన స్టూలు వేయండి, లేకపోతే చిన్నపిల్లలు గొట్టాన్ని పట్టుకుని వేలాడతారు.

‘చంద్రయాన్ కనపడుతుందా?’ అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. కనపడదు. ఆరు అంగుళాల టెలిస్కోప్‌తో చంద్రుడి మీద ఒకటిన్నర కిలోమీటరు కంటే చిన్నవి విడిగా తెలియవు. చంద్రయాన్-3 ల్యాండర్ 2023 ఆగస్టు 23న దక్షిణాన సుమారు 69 డిగ్రీల అక్షాంశంలో, మాంజినస్ గుంట ఉన్న ప్రాంతంలో దిగింది. ఆ గుంటను మాత్రం చూపించవచ్చు. మ్యాప్ ముందే ప్రింట్ తీసుకోండి, టెలిస్కోప్‌లో బొమ్మ తలకిందులుగా కనపడుతుంది కాబట్టి కాగితాన్నీ తిప్పి పట్టుకోండి.

శ్రీహరికోట ప్రయాణం

తెలుగువాళ్లకున్న అదృష్టం ఇది: రాకెట్ ఎగిరే చోటు మన గడ్డ మీదే, తిరుపతి జిల్లాలో, సూళ్లూరుపేట పక్కన ఉంది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రోహిణి రాకెట్ ఎగిరింది. 1980 జులై 18న ఎస్ఎల్‌వీ-3 రాకెట్ ఒక ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. తూర్పున సముద్రం ఉంది, భూమధ్యరేఖకు దగ్గర. తూర్పుకు వదిలే రాకెట్‌కి భూభ్రమణం సెకనుకు సుమారు 450 మీటర్ల వేగం ఊరికే ఇస్తుంది.

ప్రయోగాలు చూడటానికి 2019 నుంచి గ్యాలరీ ఉంది. ప్రయోగానికి కొద్ది రోజుల ముందు షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్ నమోదు తెరుస్తారు, సీట్లు చూస్తుండగానే అయిపోతాయి. క్లబ్ సభ్యుల పేర్లు, గుర్తింపు కార్డు నంబర్లు ఒక కాగితం మీద ముందే సిద్ధంగా ఉంచుకోండి. నమోదులో ఇచ్చిన కార్డే అసలుది వెంట తీసుకెళ్లాలి. సూళ్లూరుపేట చెన్నై–గూడూరు రైలు మార్గంలో ఉంది. హైదరాబాదు, విజయవాడ వైపు నుంచి వచ్చేవారు ఆ రైలు అక్కడ ఆగకపోతే గూడూరులో దిగి మారవచ్చు.

తిరుగు టికెట్ అదే రోజుకి తీసుకోకండి. చంద్రయాన్-2ను 2019 జులై 15న 56 నిమిషాల ముందు ఆపేశారు, జులై 22న ఎగిరింది. ఒక రోజు అదనంగా ఉండగలిగినవాళ్లే రండి, లేదా వాయిదా పడితే పులికాట్ సరస్సు చూసి వెళ్లడానికి మనసు సిద్ధం చేసుకుని రండి. శీతాకాలమైతే ఫ్లెమింగోలు ఉంటాయి, ప్రయాణం పూర్తిగా దండగ కాదు.

అక్కడ ఏం చూడాలో ముందే పంచుకోండి. ఇస్రో రాకెట్లలో పీఎస్ఎల్‌వీ-ఎక్స్ఎల్ అయితే ఆరు బూస్టర్లలో (తోపుకు సాయపడే పక్క రాకెట్లు) నాలుగు నేల మీద, రెండు సుమారు 25 సెకన్లకు గాల్లో అంటుకుంటాయి. జీఎస్ఎల్‌వీలో పక్కనున్న ద్రవ ఇంధన బూస్టర్లు నాలుగూ ముందు మండుతాయి, దాదాపు ఐదు సెకన్ల తర్వాతే మధ్యది అంటుకుంటుంది. ఎల్‌వీఎం3లో పక్కల రెండూ మోసుకెళ్తాయి, నడిమి ఇంజిన్లు దాదాపు రెండు నిమిషాలకు గానీ మొదలవ్వవు. ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుని మంట కనపడిన క్షణం నొక్కి, మోత చెవికి చేరినప్పుడు ఆపాలి. సెకన్లను మూడుతో భాగిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. 18 వస్తే సుమారు 6. ఫోన్‌లో వీడియో తీసే పని ఒక్కరికే అప్పగించి, మిగతావాళ్లు ఫోన్లు జేబులో పెట్టుకోండి. మబ్బులుంటే రాకెట్ పది ఇరవై సెకన్లకే లోపలికి వెళ్లిపోతుంది. ఆ కాసేపూ తెర వైపు చూస్తూ పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

లెక్కలు, కాగితాలు

నెలకు మనిషికి యాభయ్యో వందో చందా పెట్టి, ఖర్చు పట్టికను అందరికీ కనపడేలా గోడకు అంటించండి. పిల్లలు రాత్రిపూట మేడ ఎక్కే కార్యక్రమానికి తల్లిదండ్రుల్లో ఒకరైనా వెంట ఉండాలి. తొమ్మిదో తరగతి పిల్లలుంటే ఇస్రో యువిక కార్యక్రమం (బడిపిల్లలకు అంతరిక్ష శిక్షణ) ప్రకటన కోసం కన్నేసి ఉంచండి; సైన్స్ ఫెయిర్‌లో పాల్గొన్నవారికి ఎంపికలో మార్కులుంటాయి, కాబట్టి నీళ్ల రాకెట్ గ్రాఫ్‌ను ఫెయిర్‌కి పంపించండి.

సొసైటీగా రిజిస్టర్ చేయించే తొందర వద్దు. ఏడాదిపాటు నోట్‌బుక్ నిండితే, బ్యాంకు ఖాతా, విరాళాల అవసరం వచ్చినప్పుడు చూసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు, నియమావళి ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ నియమావళిలో భద్రత చూసేవారి ‘వద్దు’కు అప్పీలు లేదన్న వాక్యం కూడా రాయించండి.